ఇంట్లో వ్యాయామానికి పోత ఇనుము ప్లేట్లు కొనేటప్పుడు ఏమి చూడాలి?

ముందు చూడాల్సింది బరువు కాదు, మధ్యలో ఉండే రంధ్రం. ఒలింపిక్ బార్ (జిమ్‌లలో, పోటీల్లో ప్లేట్లు తొడిగి ఎత్తే పెద్ద కడ్డీ) చివర్లు 50 మి.మీ. మందం ఉంటాయి. ఇళ్లకు అమ్మే మామూలు కడ్డీలు అందులో సగానికి కాస్త అటూ ఇటూ. సన్నని కడ్డీకి పెద్ద రంధ్రం ప్లేటు తొడిగితే బక్క చేతికి గాజులా వేలాడుతుంది. అందుకే ఏ కడ్డీయో ముందు తేల్చుకోండి.

తరువాత తూకం. ప్లేటు మీద 10 అని ఉన్నంత మాత్రాన పది కిలోలని నమ్మకండి, దుకాణంలోనే కాటా మీద పెట్టించండి. నేను కొన్న జతలో ఒకటి 9.7, రెండోది 10.2 తూగింది! కుడి భుజం ఎందుకు అలిసిపోతోందో నెల తరువాత తెలిసింది.

సిమెంటు నింపిన ప్లాస్టిక్ ప్లేట్లు చవకే. కానీ ఇనుము సాంద్రత కాంక్రీటుకు దాదాపు మూడు రెట్లు కాబట్టి, అవి లావుగా ఉండి కడ్డీ మీద చోటంతా తినేస్తాయి.

పోత ఇనుము పెళుసు. జారవిడిస్తే ప్లేటు పగలవచ్చు, కింద టైలు సంగతి చెప్పనక్కరలేదు. మందపాటి రబ్బరు చాప పరచండి. విశాఖ లాంటి సముద్రతీర ఊళ్లలో తుప్పు త్వరగా పడుతుంది. రంగు లేచిన చోట కుట్టుమిషను నూనె రాస్తే చాలు.

మొదట్లో 2.5, 5, 10 కిలోల జతలు సరిపోతాయి. 20 కిలోలవి చాలామంది ఇళ్లలో మంచం కిందే ఉంటాయి.