5 జీబీ సినిమా పెన్‌డ్రైవ్‌లో పట్టట్లేదా? డ్రైవ్ తప్పేం కాదు

బ్రదర్, 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఇంకా బోలెడు ఖాళీ ఉన్నా, ఉబుంటులో (లైనక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) 5 జీబీ సినిమా కాపీ చేస్తుంటే మధ్యలో 'ఫైల్ చాలా పెద్దది' అని ఆగిపోతోందన్నారు కదా, డ్రైవ్ పాడైందని టెన్షన్ పడకండి. మీరు దాన్ని ఫ్యాట్32 అనే ఫైల్ సిస్టమ్‌లో (డ్రైవ్‌లో ఫైళ్లు దాచే పద్ధతి) ఫార్మాట్ చేశారు, అందులో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు, అంతే.

ఈ 4 జీబీ హద్దు లేని ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైల్ సిస్టమ్‌కి మార్చేయండి. ముందు డ్రైవ్‌లో ఉన్నవన్నీ వేరేచోట దాచుకోండి, ఫార్మాట్ చేస్తే అన్నీ పోతాయి. తర్వాత ఎక్స్‌ఫ్యాట్‌ప్రాగ్స్ అనే ప్యాకేజీ వేసుకోండి, అది లేకపోతే జీపార్టెడ్ (డ్రైవ్‌లు ఫార్మాట్ చేసే యాప్) మెనూలో ఎక్స్‌ఫ్యాట్ మసకగా కనిపిస్తుంది, నొక్కినా పనిచేయదు. జీపార్టెడ్ తెరిచాక పైన కుడివైపు డ్రైవ్ ఎంచుకునేచోట సైజు చూసి మరీ ఎంచుకోండి, లైనక్స్ డ్రైవ్‌లకిచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ లాంటి పేర్లు నమ్ముకుంటే ఏదో రోజు హార్డ్‌డిస్కే తుడిచిపెట్టుకుపోతుంది. పార్టిషన్ (డ్రైవ్‌లోని భాగం) మీద రైట్ క్లిక్ చేసి అన్‌మౌంట్, ఆపైన ఫార్మాట్‌లో ఎక్స్‌ఫ్యాట్, చివర్లో పైనున్న టిక్ గుర్తు. అది నొక్కేదాకా ఏమీ జరగదు, చాలామంది ఇక్కడే ఆగిపోయి 'అవ్వలేదు' అంటారు.

లైనక్స్ కెర్నల్‌లో (సిస్టమ్ అసలు గుండెకాయ) 2019 నుంచే ఎక్స్‌ఫ్యాట్ ఉంది, విండోస్‌లోనూ ఇబ్బంది లేదు. పాత టీవీలే కొన్ని చదవవు, మీది అలాంటిదైతే విండోస్ ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ పెట్టి చూడండి. లైనక్స్ ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4 మాత్రం వద్దు, విండోస్ దాన్ని నేరుగా చదవదు.