నాన్న గురించి మూడు పేజీలు, అక్క గురించి నాలుగు వాక్యాలు

ప్రశ్న (పెద్ద ఉత్తరం, ఇక్కడ కుదించాం): నాకు 28 ఏళ్ళు. తిరుపతి బైరాగిపట్టెడలో అద్దెకుంటాం. బీటెక్ అయ్యాక బెంగళూరులో రెండేళ్ళు ఉద్యోగం చేసి వదిలేశాను. నాలుగేళ్ళుగా ఇంట్లోనే కూర్చుని కామిక్స్ వేస్తున్నాను. నాన్న ఒకప్పుడు గాంధీరోడ్డు షాపులకు బోర్డులు రాసేవారు, ఫ్లెక్సీలొచ్చాక మానేశారు. ఇప్పుడు నా బొమ్మలు కంటబడితే మొహం తిప్పుకుంటారు. 'బొమ్మలు కూడు పెట్టవురా' అంటారు. అన్నం దగ్గర కూడా మాట్లాడరు. ఒక పబ్లిషర్ 64 పేజీల పుస్తకానికి మొత్తం 40 వేలు ఇస్తామంటున్నారు. ఒక్కో పేజీకి నాకు మూడు రోజులు పడుతుంది. నా హీరో పాత్ర మీద హక్కులన్నీ వాళ్ళకే రాసివ్వాలట. సంతకం పెట్టనా? నాన్న మనసు ఎట్లా మార్చాలి? అక్క ఒక్కతే నాకు సపోర్టు. ప్రైవేటు స్కూల్లో టీచరు, నా ట్యాబ్లెట్ ఈఎంఐ తనే కడుతుంది. నన్ను ఎప్పుడూ ఏమీ అనదు. తనకు 33, రెండు సంబంధాలొస్తే తనే వద్దనింది.

జవాబు: నాయనా, నా కొడుకంత వయసు నీది, నువ్వనే రాస్తాను.

ముందు ఆ సంతకం సంగతి. పెట్టొద్దు. నీకు ఒక్కో పేజీకి పెన్సిలు, ఇంకు, రంగులు, మాటలు రాయడం అన్నీ కలిపి మూడు రోజులు పడుతుందని నువ్వే రాశావు. 64 పేజీలకు 192 రోజులు. 40 వేలను దాంతో భాగించు, రోజుకు 208 రూపాయలు. మీ వీధిలో సున్నం కొట్టే మనిషి ఆ కూలికి నిచ్చెన ఎక్కడు. 1938లో ఇద్దరు కుర్రాళ్ళు సూపర్‌మ్యాన్ హక్కులు 130 డాలర్లకు రాసిచ్చేశారు. ఆ తర్వాత కోర్టుల చుట్టూ తిరిగి, ముసలితనంలో, 1975లో గానీ కాస్త పింఛనూ పుస్తకం మీద పేరూ దక్కలేదు. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. హక్కుల బదిలీ ఎన్నేళ్ళకో కాగితంలో రాయకపోతే ఐదేళ్ళకేనని, ఏ ప్రాంతానికో రాయకపోతే మన దేశం వరకేనని అందులో ఉంది. అందుకే వాళ్ళు 'శాశ్వతంగా, ప్రపంచమంతటా' అని ముందే టైపు చేయించి పెడతారు. ఆ రెండూ కొట్టేసి, ఈ ఒక్క పుస్తకానికే హక్కు ఇస్తానను. కాదంటే కాగితం తిరిగిచ్చెయ్.

ఇక మీ నాన్న. ఆయన చేత్తో రాసిన అక్షరాల పక్కన ఫ్లెక్సీ వచ్చి నిలబడినప్పుడు ఆయన్ను ఒక్క షాపు వాడైనా అడిగాడా? బొమ్మలు కూడు పెట్టవని ఆయన నేర్చుకున్నది అక్కడ. నీ మీద కోపమని నువ్వు మూడు పేజీలు రాశావు, నాకు మాత్రం భయం కనిపించింది. బొమ్మలంటే ఆయనకు లెక్కలేదనుకోకు. ఒక రోజు శ్రీకాళహస్తికి తీసుకెళ్ళు, బస్సెక్కితే ఎంతసేపు? కలంకారీ గుడ్డ మీద రామాయణం గడులు గడులుగా వేసి, కింద తెలుగులో వరస రాసి ఉంటుంది. అది కామిక్ కాక మరేమిటి? ఆయనే చెప్తాడు ఆ అక్షరాల్లో తప్పెక్కడుందో. ఆయన సంగతి ఇంతటితో చాలు.

నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వనిది నీ చివరి నాలుగు వాక్యాలు. 'ఏమీ అనదు' అన్నావు. అనదు నాయనా, ఎందుకంటుంది? పొద్దున్నే క్యారేజీ కట్టుకుని, స్కూల్లో నిలబడి గొంతు ఎండేదాకా పాఠం చెప్పి, వచ్చిన జీతంలో నీ ఈఎంఐ తీసి పక్కన పెడుతుంది. రెండు సంబంధాలు వద్దనింది, ఎందుకో రాశావా? అడిగావా? 'తనే వద్దనింది' అని రాసి ఫుల్‌స్టాప్ పెట్టావు. తన జీతం ఆగితే ఈ ఇంట్లో ఎవరి పెన్ను ఆగిపోతుందో ఆమెకు తెలుసని నా అనుమానం. నాది తప్పే కావచ్చు. ఆమెకు అసలు పెళ్ళే ఇష్టం లేకపోవచ్చు. అదైనా నీకు తెలిసుండాలి కదా! హీరో ఏ పేజీలో ఏడుస్తాడో తెలిసిన మనిషివి, ఒకే కప్పు కింద ఉన్న తోబుట్టువు మనసు తెలియదా?

తమ్ముడంటే అక్కకు కొడుకులాంటివాడు, నిజమే. మా ఇళ్ళలోనూ అట్లాగే పెరిగాం. కానీ 28 ఏళ్ళ కొడుకు కూడా ఇంట్లో ఏదో ఒకటి పెట్టాలి. కళ గొప్పదే, నేను కాదనను. ఆడపిల్ల జీతం మీద కూర్చుని నాన్నకు అభిమానం లేదని ఉత్తరం రాయడం మాత్రం నాకు నచ్చలేదు. కటువుగా అన్నాననిపిస్తే అననీ.

ఉద్యోగం చేస్తే కళ చచ్చిపోతుందని నీకెవరో చెప్పుంటారు. చందమామలో విక్రమార్కుడి భుజాన బేతాళుణ్ణి కూర్చోబెట్టిన శంకర్ గారు ఆ పత్రికలో నెలజీతానికే దశాబ్దాలు బొమ్మలు వేశారు. ఆ బేతాళుడు ఇంకా మన పిల్లల కలల్లోకి వస్తున్నాడు. నీకు బీటెక్ ఉంది, చెయ్యి ఉంది. సగం పూట పని ఏదో ఒకటి చూసుకో. స్కూల్లో డ్రాయింగ్ మాస్టరైనా సరే, ప్రింటింగ్ ప్రెస్సులో డిజైన్ అయినా సరే. రాత్రి రెండు గంటలు నీ హీరోకివ్వు.

ముందుగా ఒక పాత నోటుబుక్కు తీసుకుని, ఈ నాలుగేళ్ళలో అక్క నీ మీద పెట్టింది ఈఎంఐతో సహా రాయి. చేత్తోనే రాయి, ట్యాబ్లెట్లో వద్దు. ఆదివారం ఆమె స్కూలు కాపీలు దిద్దుతుంటే పక్కన కూర్చుని చూపించు. 'ఈ నెల నుంచి ఇది నేను కడతాను, నీకేం కావాలో చెప్పక్కా' అను. చెప్పేదాకా లేవొద్దు.

అది అయ్యాక మీ నాన్న గురించి మళ్ళీ రాయి, చదువుతాను.