ఫ్రెంచ్ ప్రెస్ కొంటే నిజంగా డబ్బు మిగులుతుందా?

ప్రశ్న: నేనూ మావారూ ఆఫీసుకు వెళ్తూ రోజూ చెరో కాఫీ బయటే తాగుతాం. అది మానేసి ఇంట్లో ఫ్రెంచ్ ప్రెస్‌తో (పొడి, వేడినీళ్లు పోశాక జల్లెడ ఉన్న కడ్డీని, అంటే ప్లంజర్‌ని, కిందికి నొక్కి కాఫీ వడకట్టే జాడీ) చేసుకుందామనుకుంటున్నాం. ప్రెస్ ధర మేం బయట తాగే 12 కాఫీలంత ఉంది. గ్రైండర్, కెటిల్, తూకం మెషిన్ కూడా కలిపితే 78 కాఫీలంత, ఈఎంఐ ఇస్తామంటున్నారు. క్రెడిట్ కార్డు బాకీ కొంత ఉంది. తీసుకోవచ్చా?

జవాబు: ప్రెస్ ఒక్కటి తీసుకోండి. మిగతావి ఇప్పుడు వద్దు, ఈఎంఐలో అయితే అసలే వద్దు.

మీరు ధరను కాఫీల్లో చెప్పడం నాకు చాలా నచ్చింది, లెక్క కూడా అలాగే వేద్దాం. కప్పుకు 15 గ్రాముల పొడి, దానికి 15 రెట్లు నీళ్లు, అంటే 225 మిల్లీలీటర్లు. 250 గ్రాముల ప్యాకెట్‌తో 16 కప్పులు వస్తాయి. ఆ ప్యాకెట్ ధర బయటి నాలుగు కాఫీలంత అనుకుంటే, ఇంట్లో తాగే ప్రతి కప్పు మీద ముప్పావు వంతు డబ్బు మిగులుతుంది. ఇద్దరికీ కలిపి రోజుకు ఒకటిన్నర కాఫీ డబ్బులు. అంటే ప్రెస్ ఖర్చు 8 రోజుల్లో తిరిగొస్తుంది, మొత్తం సెట్టుకైతే 52 రోజులు పడుతుంది. వినడానికి అదీ తక్కువే అనిపిస్తుంది గానీ, రోజు విడిచి రోజు బద్ధకించి బయట తాగారనుకోండి, 52 కాస్తా 104 అవుతుంది, ఈఎంఐ మాత్రం మీరు బద్ధకించిన రోజులకు ఆగదు. ఇంకో ప్రమాదం ఏంటంటే, ఇంట్లో తాగి బయలుదేరి, అలవాటు కొద్దీ దారిలో మళ్లీ ఆగడం. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువగా చూసేది ఇదే, అప్పుడు పొదుపు పోయి కొత్త ఖర్చు మొదలవుతుంది.

గ్రైండర్ లేకపోతే ఎలా అంటారేమో. ఆడించిన పొడి వాసన త్వరగా పోతుంది, నిజమే, కానీ మీ ఇద్దరికీ 250 గ్రాములు 8 రోజుల్లో అయిపోతాయి కదా. కొనేచోటే బరకగా, రాళ్లుప్పులా ఆడించమనండి, చిన్న ప్యాకెట్లే తెచ్చుకోండి. తూకం బదులు కప్పుకు మూడు టేబుల్ స్పూన్లు. కెటిల్ బదులు గిన్నె, నీళ్లు మరిగాక పొయ్యి ఆపి అర నిమిషం ఆగితే చాలు. ప్రెస్‌లో ఉండేది స్టీలు జల్లెడ కాబట్టి పేపర్ ఫిల్టర్లు నెలనెలా కొనే పని కూడా లేదు. (మీలో ఎవరికైనా కొలెస్ట్రాల్ ఎక్కువుంటే మాత్రం ముందు డాక్టర్‌ని అడగండి. పేపర్ ఆపేసే కెఫెస్టాల్ అనే నూనె పదార్థం ఇందులో కప్పులోకి వచ్చేస్తుంది, అది ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్‌ని పెంచుతుంది.)

కాఫీ బాగా కుదరకపోతే వారం తిరిగేసరికి మళ్లీ బయటికే వెళ్తారు, అందుకే ఇది కూడా డబ్బు విషయమే. పొడి మీద ముందు కొంచెం నీళ్లు పోసి అది పొంగాక మిగతావి పోయండి, నాలుగు నిమిషాలు ఆగి ప్లంజర్‌ని నెమ్మదిగా దించండి. గట్టిగా అడ్డుకుంటే పొడి మరీ మెత్తగా ఉందని అర్థం, బలం పెట్టకండి. మా ఇంట్లో మొదటి ప్రెస్ గాజు జాడీ అలా నొక్కబోయే పగిలింది, ఆ నెల మిగిలిందంతా కొత్త జాడీకే పోయింది. దించిన వెంటనే మొత్తం కప్పుల్లోకి వంపేయండి, లోపల ఉండిపోతే చేదెక్కి చివరికి సింకులో పోస్తారు.

ఇక కార్డు బాకీ. దాని మీద పడే వడ్డీ ఏ పొదుపు ఖాతా ఇచ్చే వడ్డీ కన్నా చాలా ఎక్కువ, కాబట్టి మిగిలింది ముందు అక్కడికే వెళ్లాలి. నెలాఖరున చూద్దాంలే అనుకుంటే అది ఖాతాలో కనిపించదు, వేరే దేనికో ఖర్చైపోతుంది. ఇంట్లో తాగిన రోజు క్యాలెండర్‌లో టిక్ పెట్టండి, ఆదివారం టిక్‌లు లెక్కపెట్టి, ఒక్కోదానికి ఒకటిన్నర కాఫీ చొప్పున అప్పటికప్పుడే కార్డుకు కట్టేయండి. బాకీ తీరాక, ఆ నెల టిక్‌లు 20 దాటి ఉంటే, చేత్తో తిప్పే గ్రైండర్ ఒకటి నగదు పెట్టి కొనుక్కోండి.