ఒక్క దీర్ఘం

విశాఖపట్నం, చిన వాల్తేరు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. చేపల వేట నిషేధం ముగిసే రోజు, జూన్ 14 రాత్రి, జాలారిపేటలో ఎవరికీ నిద్ర పట్టకపోవడం బాగుంది. 61 రోజులు ఒడ్డున పడి ఉన్న బోటు అడుగుని ఆ తల్లి అరచేత్తో తడిమి చూడటం ఇంకా బాగుంది. చివరి పేజీకి వచ్చేసరికి నా చదువు ఆగిపోయింది. కొడుకు తిరిగి రాలేదని తెలిశాక "ఆమె దారుణమైన కరుణతో ఏడ్చింది" అని రాశావు. ఆ వాక్యం నన్ను రెండు రోజులు వదల్లేదు. అందుకే ఈ ఉత్తరం.

కరుణతో ఏడ్చిందంటే తెలుగులో ఎవరి మీదో జాలిపడి ఏడ్చిందనే అర్థం. కొడుకుని పోగొట్టుకున్న తల్లి ఆ నిమిషంలో ఎవరి మీద జాలి పడుతుంది? విన్నవాళ్ల గుండె కరిగేలా ఏడ్చిందని నీ ఉద్దేశం. నాకు తెలుసు. ఆ అర్థమూ ఆ మాటకి ఉంది. కాకపోతే సంస్కృతంలో ఉంది, ఇంకో రూపంలో ఉంది.

అక్కడ ఇవి రెండు మాటలు. "కరుణ" విశేషణం. దీనమైన, శోకం నిండిన అని అర్థం. విశేషణం కాబట్టి పక్కనున్న నామవాచకాన్ని బట్టి లింగం, వచనం, విభక్తి మార్చుకుంటుంది. కరుణః విలాపః, కరుణా వాణీ, కరుణం రోదనమ్. దాన్నే నపుంసకలింగంలో ద్వితీయా ఏకవచనంగా పెట్టి క్రియకి తగిలిస్తే "కరుణం రోదితి" అవుతుంది. దీనంగా ఏడుస్తోందని. నీకు కావలసింది ఇదమ్మా. రెండోది "కరుణా". ఇది విశేషణం కాదు, దయ అనే అర్థమున్న స్త్రీలింగ నామవాచకం. లతా మన దగ్గరికొచ్చి లత అయినట్టే, సీతా సీత అయినట్టే, ఇదీ తెలుగులోకి వస్తూ చివరి దీర్ఘం పోగొట్టుకుంది. దాంతో రెండు మాటలూ ఒకే రూపంలో పడ్డాయి. దయ నిలబడింది, ఏడుపు పక్కకి జరిగిపోయింది.

పాత అర్థం మనకి మిగిలింది కరుణరసంలో. నాట్యశాస్త్రం ఆ రసానికి స్థాయీభావం, అంటే అడుగున నిలిచి ఉండే భావం, శోకం అని చెప్పింది. పావురం రంగు ఇచ్చింది, యముణ్ణి అధిదేవతగా పెట్టింది. దయ గురించి చెప్పదలచుకున్నవాళ్లు యముణ్ణి పిలుస్తారా? అయితే ఈ కలగాపులగం మనతో మొదలైందేమీ కాదు. అమరకోశం కూడా నాట్యవర్గంలో రసాల వరసలోనే కారుణ్యం, కరుణా, ఘృణా, కృపా, దయా అంటూ చెప్పుకుపోతుంది.

ఇక పుట్టుక సంగతి. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. ధాతువుల నుంచి మాటలు ఎలా పుట్టాయో చెప్పే ఉణాది సూత్రాల్లో ఒకే సూత్రం కింద, ఒకే ప్రత్యయంతో మూడు మాటలు పుడతాయి: కరుణ, వరుణ, దారుణ. ప్రత్యయం "ఉన". ముందు రేఫ, అంటే ర, ఉంది కాబట్టి న కాస్తా ణ అయింది. కరుణలో ఉన్నది చెదరగొట్టడమనే అర్థమున్న ధాతువు. దారుణలో ఉన్నది చీల్చడమనే అర్థమున్నది. మనం హృదయవిదారకం అంటామే, అందులోనూ అదే ధాతువు. ఒకటి మనసుని చెదరగొడుతుంది, ఇంకొకటి చీలుస్తుంది. నీకు తెలియకుండానే రెండు తోబుట్టువుల్ని పక్కపక్కన కూర్చోబెట్టావు. అది చూసి ముచ్చటేసింది కూడా. కానీ ఇద్దరి చేతా నువ్వు చేయించిన పని మాత్రం తప్పు.

దారుణం అన్న మాటని ఇవాళ పూర్తిగా అరగదీసేశారు. సంస్కృతంలో అది విశేషణం. తెలుగులోకి రాగానే "ము" తగిలి నామవాచకమైంది. మళ్లీ విశేషణం కావాలంటే "ఐన" చేర్చి దారుణమైన అనాలి. టీవీ వాళ్లకి ఆ అవసరం కూడా లేదు. "విశాఖలో దారుణం" అని స్క్రోలింగ్ వేస్తే సరిపోతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా ఇంట్లో కిటికీ రెక్క ఊడిపోకుండా గంటల తరబడి వీపు ఆనించి నిలబడ్డాను. ఆ తర్వాత తుఫాను మీద నా దగ్గరికి వచ్చిన కథల్లో ప్రతిదాంట్లోనూ దారుణమైన గాలి వీచింది. గాలి ఎటు నుంచి వచ్చిందో, గోడ మీద ఎలా కొట్టిందో ఒక్కరూ రాయలేదు.

నా సంగతి ఒకటి చెప్తాను. 1986లో ఒక వారపత్రికకి కథ పంపాను. మరబోటు మునిగి మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి రాగం తీసి ఏడుస్తుంటే, దాన్ని "కరుణ గీతం" అన్నాను. ఆ మాట కోసం పది రోజులు ఆగాను. సంపాదకుడు నాకు చెప్పకుండా దీర్ఘం తగిలించి "కరుణా గీతం" అని అచ్చేశాడు. కరుణామయుడు లాంటి మాటల్లో దీర్ఘం తిరిగి వస్తుంది కాబట్టి చూసేవాళ్లకి తప్పనిపించదు. అర్థం మాత్రం తలకిందులైంది. నా కథలోని మనిషి ఏడవడం మానేసి లోకం మీద దయ చూపించింది! పాఠకులు ఆమె మంచితనాన్ని పొగుడుతూ ఉత్తరాలు రాశారు. రైలెక్కి విజయవాడ వెళ్లి, ఆ ఆఫీసులో మూడు గంటలు కూర్చున్నాను. "దీర్ఘం ఉంటే వినసొంపుగా ఉంటుందండీ" అన్నాడాయన. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు. పోనివ్వను కూడా.

ఎందుకంటే ఆ ఒక్క దీర్ఘంతో మనిషి నిలబడిన చోటు మారిపోతుంది. దీర్ఘం లేని కరుణ ఏడ్చేవాళ్లది. దీర్ఘమున్నది చూసేవాళ్లది. రాసేవాళ్లు ఎక్కడ నిలబడ్డారో ఏ విశేషణమైనా ఇట్టే పట్టిచ్చేస్తుంది. నువ్వు కథంతా ఆ తల్లి పక్కన ఇసకలో కూర్చుని రాశావు. చివరి వాక్యంలో లేచి, చీర దులుపుకుని, బీచ్ రోడ్డు మీదికి ఎక్కి ఆమెని చూశావు. అందుకే ఆ వాక్యం నాకు అంత బాధ కలిగించింది.

నవల మొదలుపెట్టవచ్చా, కలంపేరు ఉండాలా అని కూడా అడిగావు. అవి తర్వాత చూద్దాం.

"దారుణమైన" కొట్టెయ్. "కరుణతో" కూడా కొట్టెయ్. మిగిలేది "ఆమె ఏడ్చింది". దానికి ముందు ఖాళీ వదులు. మన వైపు ఆడవాళ్లు పోయినవాణ్ణి పేరు పెట్టి పిలుస్తూ, వాడు తిన్నదీ తిననిదీ చెప్పుకుంటూ ఏడుస్తారు. ఆ తల్లి కొడుకుని ఏమని పిలిచిందో నీ కథలో ఎక్కడా లేదు. జాలారిపేట వెళ్లి ఒక పెద్దావిడ పక్కన కూర్చో. విన్నది విన్నట్టు రాసి, ఆ పేజీ ఒక్కటీ నాకు పంపు.

ఇట్లు,
నీ పెద్దమ్మలాంటిదాన్ని