బుడగల లెక్క నిలకడగా లేకపోతే ముందు డిఫ్యూజర్ చూడండి

మొక్కలున్న అక్వేరియంలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్ గ్యాసు సెకనుకు 2 బుడగలు పెడితే మర్నాటికి 1కి పడిపోతోందని, వాల్వు కాస్త తిప్పగానే 4కు పోయి చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయని రాశారు. చేపలు అలా కనిపించిన మరుక్షణం గ్యాసు ఆపి, ఎయిర్ పంపు పెట్టండి. మిగతావన్నీ ఆ తర్వాతే.

నాకు ప్రవాహాన్ని సర్దే సూది వాల్వు మీద అనుమానం లేదు, గ్యాసును సన్నని బుడగలుగా నీటిలోకి వదిలే డిఫ్యూజర్ మీదే ఉంది. సిరామిక్ పలకకు నాచు పట్టే కొద్దీ ఎదురు ఒత్తిడి పెరుగుతుంది. సిలిండర్ నుంచి వచ్చే పీడనాన్ని తగ్గించే రెగ్యులేటర్‌లో పీడనం తక్కువగా ఉంటే ఆ కాస్త తేడాకే ప్రవాహం పడిపోతుంది. పలక శుభ్రం చేయండి. రెగ్యులేటర్‌లో సర్దుబాటు ఉంటే 2 బార్ల దాకా పెంచి, వాల్వును ఆ మేరకు బిగించండి. వెంట్రుకవాసి తిప్పి, పావుగంట ఆగి చూడండి. తొందరపడితే మళ్లీ 4కే పోతుంది.

బుడగ పరిమాణం ఒక్కో బుడగల కౌంటర్‌లో ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఇతరుల లెక్క మీకు పనికిరాదు. 10 మిల్లీలీటర్ల సిరంజి నుంచి లోపలి కడ్డీ తీసేసి, సన్నని కొన వేలితో మూసి, నీటితో నింపి తొట్టిలో బోర్లించండి. డిఫ్యూజర్ విప్పిన గొట్టం చివర దాని కింద పెట్టి, నిండే సమయం చూడండి. 40 సెకన్లు పడితే నిమిషానికి 15 మిల్లీలీటర్లు. గాలికి గుర్తులు వేసిన రోటామీటర్ (ప్రవాహం కొలిచే పరికరం) వాడుతుంటే, అది చూపే అంకెను 0.8తో గుణించండి. కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే బరువు.

ఎంత చాలునో చెప్పేది మాత్రం 4 డీకేహెచ్ (నీటి కార్బనేట్ కాఠిన్యం కొలత) ద్రావణం పోసిన డ్రాప్ చెకర్, అంటే నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను బట్టి రంగు మారే చిన్న గాజు పరికరం. ఆకుపచ్చగా ఉంటే సుమారు 30 పీపీఎం (పది లక్షల భాగాల్లో 30). పసుపైతే ఎక్కువైనట్టు. రంగు మారడానికి గంట, రెండు గంటలు పడుతుంది. దీపాలు ఆరాక గ్యాసు నడపకండి, చీకట్లో మొక్కలు దాన్ని వాడుకోవు.