నెలలు నిండని పిల్లల వార్డులో ఫిజియోకి పని ఉంటుందా?

ప్రశ్న: మాది మదనపల్లె. బెంగళూరులో బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) మూడో సంవత్సరం చదువుతున్నాను. మా అక్కకు 32 వారాలకే కాన్పయింది. పాపకు కామెర్లని నీలం లైటు కింద పెట్టారు. పాపను అద్దంలోంచి చూసినప్పటి నుంచి ఇలాంటి పిల్లలకే పనిచేయాలని ఉంది మేడమ్. ఇంట్లోవాళ్లు స్పోర్ట్స్ ఫిజియో అంటున్నారు. కామెర్లున్న బిడ్డకు థెరపీ చేయొచ్చా? హార్మోన్లు కూడా చదవాలా?

జవాబు: చేయొచ్చమ్మా. కాకపోతే క్లినిక్‌లో మోకాలు వంచి చాపినట్టు కాదు. బట్టలతో గూడు కట్టి కాళ్లూ చేతులూ ముడుచుకునేలా పడుకోబెట్టడం, పాలు తాగేటప్పుడు దవడకు ఆసరా ఇవ్వడం, బిడ్డను తల్లి గుండెల మీద ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టే కంగారూ కేర్‌కు సాయపడటం, ఎక్కువగా ఇదే పని. అసలు విద్య, ఎప్పుడు ముట్టుకోకూడదో తెలియడం. 1990లలో న్యూజిలాండ్‌లో మరీ ముందుగా పుట్టిన పిల్లలకు కఫం వదలాలని ఛాతీ తట్టేవారు. దానివల్లే కొందరి మెదడు దెబ్బతిని ఉండొచ్చన్న అనుమానం వచ్చింది. అవీ మంచి చేద్దామని వెళ్లిన చేతులే.

కామెర్ల విషయానికొస్తే, నెలలు నిండిన బిడ్డ తట్టుకునే బిలిరుబిన్ (కామెర్లలో రక్తంలో పెరిగే పసుపు పదార్థం) మోతాదు కూడా వీళ్ల మెదడుకు ముప్పు కావచ్చు. అది పెరుగుతున్నప్పుడు నీ థెరపీ కోసం లైటు సమయం తగ్గించకూడదు. బిడ్డ మగతగా ఉన్నా, పాలు మానేసినా, కీచుగా ఏడ్చినా, ఒళ్లు విల్లులా వెనక్కి వంచినా చేయి తీసేసి వెంటనే డాక్టర్‌ని పిలవాలి.

హార్మోన్లు తప్పకుండా చదువు, ముఖ్యంగా థైరాయిడ్. అది తక్కువైతే కామెర్లు త్వరగా తగ్గవు, ఒళ్లు మెత్తబడుతుంది. నువ్వు కండరాల బలహీనత అనుకుని వ్యాయామం మొదలుపెడతావు. బిడ్డకు కావలసింది మందు. నెలలు తక్కువ పిల్లల్లో థైరాయిడ్ లోపాన్ని పట్టిచ్చే టీఎస్‌హెచ్ అనే హార్మోన్ ఆలస్యంగా పెరగొచ్చు కాబట్టి మొదటి పరీక్ష బాగున్నా కొన్ని వారాలకు మళ్లీ చేస్తారు. ఒత్తిడి హార్మోన్ కార్టిసాల్‌ను నువ్వు కొలవక్కర్లేదు. వేళ్లు విప్పార్చడం, ఎక్కిళ్లు, రంగు మారడం, ఆక్సిజన్ పడిపోవడం కనిపిస్తే ఇక చాలని బిడ్డే చెబుతోందన్నమాట.

బీపీటీతో ఆగితే ఈ వార్డులోకి రానివ్వడం కష్టం. రెండేళ్ల ఎంపీటీలో (ఫిజియోథెరపీ పీజీ) పీడియాట్రిక్స్, అంటే పిల్లల విభాగం తీసుకో. చేరేముందు, పీజీ వాళ్లను ఎన్ఐసీయూలోకి (నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ వార్డు) ఎన్ని వారాలు పంపుతారని కాలేజీని సూటిగా అడుగు. జవాబు నసిగితే వేరే కాలేజీ చూసుకో. అచ్చంగా ఎన్ఐసీయూ ఉద్యోగాలు తక్కువే, ఇంట్లోవాళ్ల భయం తప్పేం కాదు. కానీ ఈ పిల్లలు ఇంటికెళ్లాక ఏళ్ల తరబడి ఫాలోఅప్ కావాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే కేంద్ర పిల్లల ఆరోగ్య పథకం కింద జిల్లాల్లో నడిచే చికిత్సా కేంద్రాల్లోనూ ఫిజియోథెరపిస్టులు ఉంటారు. కన్నడం మాత్రం ఇప్పుడే నేర్చుకో, ఇక్కడి తల్లులకు ధైర్యం చెప్పాలి కదా.

ఇంకొకటి. డిశ్చార్జి కాగితంలో కంటి పరీక్ష, వినికిడి పరీక్ష, రెండోసారి థైరాయిడ్ తేదీలు రాశారేమో అక్కను ఈరోజే చూసుకోమను.