ప్రసన్నకు, గ్లారుస్ కొండలెక్కే ముందు

చిరంజీవి ప్రసన్నకు పెద్దమ్మ దీవించి రాసేది.

ఆగస్టులో నువ్వు మూడు రోజులు స్విట్జర్లాండ్‌లోని గ్లారుస్ కొండల్లో రాళ్ల మ్యాపింగ్‌కి వెళ్తున్నావని, అదీ ఒక్కదానివే వెళ్తున్నావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. వినగానే గుండె ఉప్పొంగింది. రాత్రి పడుకున్నాక మాత్రం "ఒక్కదానివే" అన్న మాటే చెవిలో మోగుతూ ఉండిపోయింది. అందుకే తెల్లారుతూనే రాయడానికి కూర్చున్నాను. మధ్యలో కోప్పడతాను, ఏమీ అనుకోకు తల్లీ.

చీలమండ మీదిదాకా ఉండే బూట్లు, వానకోటు, ఉన్ని టోపీ, రెండు లీటర్ల నీళ్లు, బ్యాటరీ టార్చి. ఇవి నీకు చెప్పక్కర్లేదు.

కంపాస్ సంగతి మాత్రం చెప్పాలి. ఇక్కడ కొన్న బ్రంటన్ అక్కడ సరిగ్గా ఆడదు. మన హైదరాబాద్‌లో భూమి అయస్కాంత రేఖలు నేలకి పాతిక డిగ్రీల లోపే వంగి ఉంటాయి. స్విట్జర్లాండ్‌లో ఆ వంపు 60 డిగ్రీలు దాటుతుంది. దాంతో సూది ఉత్తరపు కొస కిందికి వాలి పెట్టె అడుగుని రాసుకుంటుంది. సూది ఆగిపోయినట్టే కనిపిస్తుంది, నిజానికి ఇరుక్కుని ఉంటుంది. నువ్వు దాన్నే నమ్మి రాసుకుంటావు. మూత విప్పి చూడు, సూది దక్షిణపు కొస మీద సన్నటి తీగ చుట్ట ఉంటుంది. దాన్ని అగ్గిపుల్లతో వెంట్రుకవాసి బయటి వైపుకి జరుపు. సూది సమంగా నిలిచేదాకా కొంచెం జరపడం, మూత పెట్టడం, చూడడం. ఈ పని గదిలోనే చెయ్యి, కొండ మీద గాలిలో చిన్న స్క్రూ పోతే దొరకదు. ఇంకొకటి, అక్కడ అయస్కాంత ఉత్తరం అసలు ఉత్తరానికి దాదాపు 3 డిగ్రీలు తూర్పున ఉంటుంది. మన దగ్గర ఆ తేడా సున్నాకి దగ్గర కాబట్టి దిద్దే అలవాటు మన పిల్లలకి ఉండదు.

మ్యాపు స్విస్‌టోపో (స్విస్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ) వాళ్ల 1:25,000 కాగితం షీటు కొనుక్కో. ఫోన్‌లోది ఎంత బాగున్నా చలికి బ్యాటరీ పడిపోతుంది. ఎత్తు చూపే గీతలు, అదే కాంటూర్లు, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య 20 మీటర్ల ఎత్తు తేడా. స్విస్ కోఆర్డినేట్లలో తూర్పు అంకె 2తో, ఉత్తరపు అంకె 1తో మొదలవుతుంది, రెండింటికీ ఏడేసి అంకెలు. ప్రతి అవుట్‌క్రాప్ (నేల పైకి తేలిన రాయి) దగ్గరా రెండూ పూర్తిగా రాయి. చివరి మూడు అంకెలే రాసి మిగతావి గుర్తుంటాయిలే అనుకోవద్దు. సున్నపురాయిని గుర్తుపట్టడానికి వాడే యాసిడ్ విమానంలో తీసుకెళ్లనివ్వరు, పది శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్కల సీసా మీ డిపార్ట్‌మెంట్‌లోనే అడుగు.

ఇక అసలు సంగతి. ష్వాండెన్ ఊరి పక్కన లోఖ్‌సైటె దగ్గర నువ్వు ఆ థ్రస్ట్‌ని, అంటే పాతరాయి కొత్తరాయి మీదికి నెట్టుకొచ్చిన చోటుని, చేత్తో తాకబోతున్నావు. పైన 25 నుంచి 30 కోట్ల ఏళ్ల నాటి వెరుకానో అనే రాయి, ముందుకి వంగి నీ నెత్తి మీద గొడుగులా నిలబడి ఉంటుంది. కింద 3.5 నుంచి 5 కోట్ల ఏళ్ల నాటి ఫ్లిష్ అనే నల్లటి రాయి, ముట్టుకుంటే పొరలుగా రాలుతుంది. తాతని మనవడి భుజాల మీద కూర్చోబెట్టినట్టు ఉంటుంది. రెండింటి మధ్యా మీటరుకి అటూ ఇటూగా పాలిపోయిన సున్నపురాయి, చపాతీ పిండి పిసికినట్టు మెలికలు తిరిగి ఉంటుంది. ఆ మెలికల్ని అడ్డంగా కోస్తూ, కత్తితో గీసినట్టు తిన్నటి గీత ఒకటి. 35 కిలోమీటర్లకి పైగా జరిగిన కదలిక అంతా ఇంత సన్నటి పొర దగ్గర జరిగింది.

నీలాంటి వాళ్లు అక్కడే పొరపడతారు. నీకంటే ఎంతో పెద్దవాళ్లే పొరపడ్డారు, అది నీకు వివరంగా చెప్పాలి.

స్విస్ భూవిజ్ఞాని ఆర్నోల్డ్ ఎషెర్ ఈ కొండలన్నీ కాలినడకన తిరిగినవాడు. పాతరాయి ఒక పెద్ద పలకలా కొత్తరాయి మీదికి నెట్టుకొచ్చిందని ఆయనకి ముందే తట్టింది. 1848లో వచ్చిన బ్రిటిష్ భూవిజ్ఞాని మర్చిసన్‌కి చూపించాడు కూడా. కానీ అంత పెద్ద పలక అంత దూరం జరగడమేమిటి, ఎవరు నమ్ముతారు అని వెనక్కి తగ్గాడు. దాని బదులు రెండు మడతలు చెప్పాడు: ఉత్తరం నుంచి ఒకటి, దక్షిణం నుంచి ఒకటి, రెండూ పడుకుని ఎదురెదురుగా మొహాలు పెట్టుకున్నాయని. ఆయన శిష్యుడు ఆల్బెర్ట్ హైమ్ 1878లో ఆ జంట మడతని గొప్ప పుస్తకంలో పెట్టాడు. లోఖ్‌సైటెలో నువ్వు తాకబోయే ఆ సున్నపురాయి, మడత నడిమి భాగం తలకిందులై నలిగిపోయి మిగిలిన ముక్క అని ఆయన చెప్పాడు.

ఎందుకు అంత నమ్మకంగా కనిపించిందో అక్కడ నిలబడితే నీకే తెలుస్తుంది. థ్రస్ట్ తలం బల్లపరుపుగా లేదు. దక్షిణాన రైన్ లోయ నుంచి పైకి లేచి, నడిమి శిఖరాల్లో 3,000 మీటర్లు దాటి, మళ్లీ ఉత్తరానికి వాలుతూ ష్వాండెన్ దగ్గర లోయ అడుక్కి దిగుతుంది. వంచిన చాప లాగా. నడిమి భాగం చాలాచోట్ల కొట్టుకుపోయింది. ఉత్తరపు వాలు ఒకటి, దక్షిణపు వాలు ఒకటి విడివిడిగా మిగిలితే, చూసిన కంటికి అవి రెండు వేరు వేరు మడతలుగా తోచాయి. మడత అన్నాక ఎక్కడో ఒకచోట మలుపు కనిపించాలి కదా. ఆ రెండు మలుపుల్నీ ఎవరూ చూడలేదు. కోతకి పోయాయనుకుని గాలిలో గీశారు.

1884లో మార్సెల్ బెర్ట్రాండ్ అనే ఫ్రెంచి ఆయన, గ్లారుస్‌లో అడుగు పెట్టకుండానే, హైమ్ గీసిన బొమ్మలే ముందు పెట్టుకుని తేల్చాడు. బెల్జియం, ఉత్తర ఫ్రాన్స్ బొగ్గు గనుల్లో పాతరాయి బొగ్గు పొరల మీదికి నెట్టుకొచ్చిన తీరు ఆయనకి తెలుసు. ఇక్కడ కూడా రెండు మడతలు కావు, దక్షిణం నుంచి వచ్చిన ఒకటే పలక అన్నాడు. హైమ్ ఒప్పుకున్నది 1900 దాటాకే. అంటే దాదాపు ఇరవై ఏళ్లు.

ఇందులో హైమ్‌ని తక్కువ చెయ్యకు. ఆయన కళ్లతో చూసి గీసిన ప్రతి గీతా సరిగ్గా ఉంది కాబట్టే ఎక్కడో కూర్చున్నవాడు వాటితో నిజం పట్టుకోగలిగాడు. తప్పంతా చూడనిచోట పూరించిన గీతల్లోనే ఉంది. కాబట్టి నీ నోట్‌బుక్‌లో ఎడమ పేజీ చూసినదానికి, కుడి పేజీ అనుకున్నదానికి. మ్యాపు మీద కాంటాక్ట్, అంటే రెండు రకాల రాళ్లు కలిసే హద్దు, కంటికి కనిపిస్తే నిండు గీత, ఊహిస్తే ముక్కల గీత, రాళ్లగుట్ట కిందికి పోతే చుక్కల గీత. సాయంత్రం గదిలో కూర్చుని ముక్కల గీతని నిండు గీతగా మార్చావని తెలిస్తే మాత్రం నిజంగా కోపమొస్తుంది.

లోఖ్‌సైటెలో కింద నుంచి మొదలుపెట్టు. ఫ్లిష్‌లో పొరల వాలు ఐదు చోట్ల కొలువు, ఒక్క కొలత ఎప్పుడూ చాలదు. సున్నపురాయి మందం రెండు మీటర్లకోసారి టేపుతో చూడు, ఒక్కచోట కొలిచి అంతా అదే అనకు. పొర తలమీద సాగిన గీతలుంటే వాటి దిక్కు విడిగా రాయి, పలక ఎటు జరిగిందో చెప్పేవి అవే. ఫోటో తీసేముందు పావుగంట కూర్చుని బొమ్మ గియ్యి. సుత్తి సంచిలోంచి తియ్యొద్దు. 2008 నుంచి ఆ ప్రాంతమంతా యునెస్కో వారసత్వం, నీకు కావలసిన ముక్కలు కింద రాలినవాటిలోనే దొరుకుతాయి. ఇక కొండల్లో నుమ్ములైట్లనే శిలాజాలున్న సున్నపురాయి తగిలితే లెన్స్‌తో తీరిగ్గా చూడు, రూపాయి బిళ్లలు పేర్చినట్టుంటాయి. కింద ఉన్నది కొత్తరాయి అని ఆ రోజుల్లో తేల్చిచెప్పింది అలాంటి శిలాజాలే.

నీకిదేమీ కొత్త కాదు. గండికోట క్వార్ట్‌జైట్ మీద అలల గుర్తులు చూసి, "పెద్దమ్మా, ఏది పైవైపు?" అని పదో తరగతిలోనే అడిగావు. కడప బేసిన్ తూర్పు అంచున పాత నెల్లూరు షిస్టు రాళ్లు కొత్త పొరల మీదికి ఎక్కి కూర్చున్న చోటు కూడా చూశావు. అదే ప్రశ్న అక్కడ కూడా వేస్తూ ఉండు. ఏది పైవైపు, ఎలా తెలిసింది.

ఇప్పుడు నా భయం చెప్తాను, విను.

అక్కడే ఎల్మ్ అనే ఊళ్లో పలకరాయి తవ్వేవారు, బడిపిల్లల పలకలకి. మన మార్కాపురం లాగే అనుకో. కొండ పాదాన్ని లోపలికి తొలుచుకుంటూ పోయారు, పైన బరువు అలాగే ఉంది. గని పైన నేల చీలింది, ఆ చీలిక మీటర్ల వెడల్పున తెరుచుకుంది, వాన నీళ్లు అందులోకి దిగాయి. రాళ్లు రాలుతూనే ఉన్నాయి. జనం నిలబడి చూశారు. 1881 సెప్టెంబర్ 11, ఆదివారం సాయంత్రం, దాదాపు కోటి ఘనమీటర్ల కొండ దిగింది. వందమందికి పైగా పోయారు. వాళ్లలో చాలామంది గనిలో లేరు, లోయలో చదును నేల మీద ఉన్నారు, అక్కడిదాకా రాదనుకున్నారు.

అది పాత కథ అనుకోకు. 2017 ఆగస్టు 23న స్విట్జర్లాండ్‌లోనే బొండో ఊరి పైన పిజ్ చెంగాలో శిఖరం నుంచి 30 లక్షల ఘనమీటర్లు పడింది, దారిలో నడుస్తున్న ఎనిమిది మంది పోయారు. ఎత్తైన చోట పగుళ్లలో రాయిని పట్టి ఉంచేది మంచే. అది ఎండాకాలం చివర ఎక్కువ లోతుకి కరుగుతుంది. నువ్వు వెళ్లేది ఆ నెలలోనే.

కాబట్టి రాతిగోడ కింద పనుంటే ముందు పది నిమిషాలు దూరంగా నిలబడి చెవులు రిక్కించి విను. చిన్న రాళ్లు టకటకమని రాలుతుంటే ఆ అవుట్‌క్రాప్ వదిలెయ్. కింద తెల్లగా, నాచు పట్టని తాజా ముక్కలు కనిపించినా వదిలెయ్. ఎంత మంచి కాంటాక్ట్ అయినా సరే. హెల్మెట్ పెట్టుకో. దారి మూసేశామని బోర్డు ఉంటే దాటొద్దు, పక్కనుంచి ఎవరో వెళ్లారని కూడా వెళ్లొద్దు.

ఎల్మ్ నుంచి ఎక్కే సేగ్నెస్ కనుమ ఎత్తు 2,627 మీటర్లు. ఊరు వెయ్యి మీటర్ల లోపే ఉంది కాబట్టి 1,650 మీటర్లు ఎక్కాలి. బరువుతో గంటకి 300 మీటర్లు లెక్కేసుకో, పైగా నువ్వు ఆగి కొలుస్తావు. తెల్లవారుజామున 5కి బయల్దేరు, ఒంటిగంటలోపు కనుమ దాటి ఫ్లిమ్స్ వైపు దిగుతూ ఉండాలి. ఎండాకాలపు పిడుగులు మధ్యాహ్నమే వస్తాయి. మెరుపుకీ ఉరుముకీ మధ్య మూడు సెకన్లయితే కిలోమీటరు దూరం. పది సెకన్ల లోపుంటే శిఖరం అంచు దిగిపో, దారిలో బిగించిన ఇనుప గొలుసులు పట్టుకోకు. చింగెల్‌హోర్నర్ శిఖరాల గోడ మీద ఆ థ్రస్ట్ గీత, దాని కింద మార్టిన్స్‌లోఖ్ రంధ్రం పొద్దున వెలుతురులోనే చూసుకో. వాతావరణం తేడాగా ఉంటే ఎక్కనే వద్దు, కొండ మళ్లీ వచ్చే ఏడు కూడా అక్కడే ఉంటుంది.

తెల్ల-ఎర్ర-తెల్ల గుర్తుల దారిలోనే నడు. తెల్ల-నీలి-తెల్ల గుర్తులుంటే అది తాళ్లతో ఎక్కేవాళ్ల దారి, నీది కాదు. దూడలున్న ఆవుల దగ్గరికి పోకు, మన ఊరి ఆవుల్లా తల నిమరనివ్వవు. ఎల్మ్ దగ్గర విఖ్లెన్‌లో సైన్యం ఫైరింగ్ రేంజ్ ఉంది, కాల్పుల రోజులు ముందే చూసుకో.

దెబ్బ తగిలితే హెలికాప్టర్ రక్షణ దళానికి 1414, అది కలవకపోతే 112. హెలికాప్టర్ వస్తే రెండు చేతులూ పైకెత్తి ఆగు. ఒక చెయ్యి పైకి, ఒకటి కిందికి పెడితే "సాయం అక్కర్లేదు" అని అర్థం, చెయ్యి ఊపుతున్నాననుకుని ఆ పొరపాటు చెయ్యకు. ఫోన్ లేకపోతే నిమిషంలో ఆరుసార్లు విజిల్, ఒక నిమిషం ఆగడం, మళ్లీ ఆరు.

బస చేసే గుడిసెలో పుస్తకం ఉంటుంది, రేపు ఎటు వెళ్తున్నావో అందులో రాసి వెళ్లు. దారి మారిస్తే మెసేజ్ పెట్టు. సాయంత్రం 7కి మీ అమ్మకి ఒక్క మాట, "దిగాను" అని చాలు. అక్కడ 7 అయితే ఇక్కడ పదిన్నర. ఇద్దరం మేలుకునే ఉంటాం.

మీ పెద్దమ్మ